నీళ్ల అడుగున వేగం

మా తమ్ముడు కాకినాడలో సొంతంగా ఒక చిన్న పడవ పెట్టుకుని ఆదివారాలు సముద్రం మీద చేపలు పడతాడు. కూటి కోసం కాదు, పిచ్చి కొద్దీ. ఆ పిచ్చి మా ఇంట్లో వాడికీ నాకూ సమానంగా వచ్చింది. పోయినేడు వానలు మొదలయ్యే ముందు వాడు జహీరాబాద్ బస్సులో నాకొక పార్సిల్ వేశాడు. విప్పి చూస్తే మామిడి టెంకంత ప్లాస్టిక్ ముద్ద, దాని తోకన గోరంత చక్రం, ఒక తీగ చుట్ట, సెల్‌ఫోనంత తెర. నువ్వు ఇన్నాళ్లూ కొండంత రాగం తీసింది దీని కోసమేనా అని ఫోన్‌లో అడిగాను. పిట్ట కొంచెం, కూత ఘనం, వాడి చూడు అన్నాడు.

నడిచే పడవ వెనక గాలం లాక్కుంటూ చేప పట్టడాన్ని ట్రోలింగ్ అంటారు. మా ఇంట్లో దాని పేరు లాగుడు. దీనికి వానపాములూ పిండి ముద్దలూ అక్కర్లేదు, గాలానికి ఒక బొమ్మ చేప ఉంటుంది. పడవ సరైన వేగంలో పోతేనే ఆ బొమ్మ బతికున్న చేపలా ఆడుతుంది. మెల్లగా పోతే చచ్చినట్టు వేలాడుతుంది, జోరుగా పోతే గిరగిరా తిరిగి ఉన్న చేపల్ని కూడా బెదరగొడుతుంది. చిక్కేమిటంటే పడవ వేగం పైన తెలుస్తుంది, బొమ్మ ఉండేది కింద. పైన గాలి ఒక వైపు తోస్తుంటే అడుగున నీళ్లు ఇంకో వైపు నడుస్తుండవచ్చు. ఈ టెంకను సీసం గుండుకు కట్టి బొమ్మ ఉన్నంత లోతుకు దించితే అక్కడి వేగం ఎంతో, అక్కడి నీళ్లు ఎంత వెచ్చగా ఉన్నాయో తెర మీద చూపిస్తుంది. కొన్నాళ్లు చూసి, పనికొస్తుందనుకుంటే ఉంచుకోమనీ లేకపోతే తిప్పి పంపమనీ తమ్ముడు చెప్పాడు.

పనికిరావడమంటే వాడి ఉద్దేశంలో ఎక్కువ చేపలు పడటం. నా ఉద్దేశం వేరు. మా ఆయన పడవ ఎక్కడం మానేసి అప్పటికి ఏడాది దాటింది. ఈ వస్తువు ఆయన్ని మళ్లీ పడవ ఎక్కిస్తుందా, నాకు కావలసింది అదొక్కటే. చేపలదేముంది, బజారుకు పోతే దొరుకుతాయి.

నేను గోదావరి కాలవల మధ్య పుట్టిన దాన్ని. ఆయనది కోహీర్ పక్కన పల్లె. కలిసి చదువుకున్నాం, ఇష్టపడి చేసుకున్నాం, ఆయనకు ఇక్కడి ట్రాక్టర్ల ఫ్యాక్టరీలో టెస్టింగ్ పని దొరికితే కాపురానికి వచ్చాను. జహీరాబాద్‌లో అన్నీ ఉన్నాయి, నీళ్లు తప్ప. ఎటు చూసినా ఎర్రనేల, చెరకు, అల్లం మడులు, బొంబాయి రోడ్డు మీద లారీలు. మొదటి ఎండాకాలం నేను ఊరికే కళ్లు తుడుచుకుంటుంటే ఎందుకని అడిగాడు. నీళ్లు కనపడటం లేదని చెప్పాను. నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. ఆదివారం పొద్దున్నే బండి మీద కూర్చోబెట్టుకుని రాయికోడ్ దాటించి సింగూరు డ్యామ్ వెనక నీళ్ల ఒడ్డున దింపాడు.

"గిదో, నీ గోదారి. ఇగ ఏడ్వకు," అన్నాడు.

ఆ నీళ్ల మీద ఎగిరే కొంగల్ని చూసి నేను ఎంత ఏడ్చానో ఆయనకు ఇప్పటికీ అర్థం కాదు. ఏడవవద్దని తీసుకొస్తే ఇంకా ఏడ్చిందని వాళ్ల అమ్మకు చెప్పి నవ్వించేవాడు.

లాగుడు ఆయనకు నేర్పింది నేనే. ఆయనకు అప్పట్లో ఈత కూడా రాదు. చేపలవాళ్ల సొసైటీలో ఒక పెద్దాయనకు ఫైబర్ పడవ ఉండేది. దాన్ని ఆదివారాలు మాకిచ్చేవాడు, పడిన చేపల్లో మేం కూరకు సరిపడా తెచ్చుకుని మిగతావి ఆయనకు ఇచ్చేసేవాళ్లం. మా ఆయన గడ్డి కోసే మిషను ఇంజనుకు పొడుగాటి కడ్డీ, పంకా తగిలించి ఆ పడవకు బిగించాడు. ఇంజను దగ్గర నేను కూర్చునేదాన్ని. ఆయన నడుమ పలక మీద వెనక్కి తిరిగి, నాకు ఎదురుగా కూర్చుని, గాలం దారాన్ని చూపుడు వేలి మీద నుంచి వదిలేవాడు. బొమ్మ ఆడుతుంటే ఆ వణుకు దారం వెంట వచ్చి వేలికి తగులుతుంది. దాన్నిబట్టి నాకు చెప్పేవాడు, జర నిదానం, జర ఎక్కియ్, గట్లనే పోనియ్ అని.

ఇంట్లో ఆయన మాటలు తక్కువ. ఫ్యాక్టరీ చప్పుడులో అరిచి అరిచి ఇంటికొచ్చాక నోరు కట్టేసుకునే మనిషి. పడవ మీద మాత్రం పొద్దుటి నుంచి ఎండ ఎక్కేదాకా ఆయన ముఖం నా ఎదురుగా ఉండేది, ఆ "జర" వినిపిస్తూ ఉండేది. బడిలో పిల్లల పేపర్లు దిద్దుతూ నేను ఆదివారం కోసం ఎదురుచూసేదాన్ని. కొత్త పెళ్లికూతురిలాగా ఏమిటి ఇదంతా అని నన్ను నేనే తిట్టుకున్న రోజులున్నాయి. అయినా ఎదురుచూపు తగ్గలేదు.

తర్వాత ఆయనకు షుగరు వచ్చింది. మొదట అరికాళ్లు మొద్దుబారాయి, చెప్పు జారిపోయినా తెలిసేది కాదు. అక్కడితో ఆగుతుందనుకున్నాం. ఒకరోజు పొయ్యి మీద నుంచి అప్పుడే దించిన టీ గిన్నెను ఆయన వేళ్లతో పట్టుకుని తాపీగా బల్ల దాకా తెచ్చాడు. నేను గిన్నె లాక్కుంటే ఏమైందని అడిగాడు. వేళ్ల కొనలు ఎర్రగా కమిలి ఉన్నాయి. దవాఖానలో నరాలు దెబ్బతిన్నాయన్నారు, షుగరు అదుపులో పెట్టుకుంటే ఇంకా పైకి పాకకుండా చూడొచ్చన్నారు. పోయింది తిరిగొస్తుందని మాత్రం ఎవరూ అనలేదు.

ఆ తర్వాతి ఆదివారం పడవ మీద ఆయన వేలి మీద దారం ఉంది, కళ్లు దారం మీద ఉన్నాయి. చాలాసేపు ఒక్క మాటా లేదు. నిదానమా, ఎక్కించాలా అని నేనే అడిగాను. చివరికి దారం చుట్టేసి, ఎండ ఎక్కువైంది పోదాం పద అన్నాడు. ఆ రోజు మబ్బు పట్టి ఉంది.

అంతే, మానేశాడు. ఎందుకని అడిగితే అల్లం మడికి నీళ్లు పెట్టాలనేవాడు, అన్నను చూసి రావాలనేవాడు. తాడిచెట్టు ఎందుకెక్కావంటే దూడగడ్డి కోసమన్నాడట వెనకటికొకడు. నువ్వు పోయి రా అని నన్ను పంపేవాడు. ఒకసారి పోయాను. ఇంజను దగ్గర కూర్చుంటే ఎదురుగా ఖాళీ పలక. దాన్ని చూస్తూ పడవ నడపడం నా వల్ల కాలేదు, గాలం వెయ్యకుండానే తిరిగొచ్చాను. ఏం పడ్డాయి అని ఆయన అడిగితే కసిరాను.

అందుకే తమ్ముడి పార్సిల్ రాగానే నాలో ఒక దొంగబుద్ధి పుట్టింది. పడవ ఎక్కమంటే ఆయన ఎక్కడు. కానీ ఒక మిషను తెచ్చి ముందు పెట్టి, ఇది నిజం చెబుతుందో అబద్ధం చెబుతుందో తెలియడం లేదంటే ఊరుకోలేడు. ముప్పయ్యేళ్లు ట్రాక్టర్లను పరీక్షించిన మనిషి, రిటైరై ఇంట్లో మిక్సీ చప్పుడును కూడా పరీక్షిస్తున్నాడు. చింత చచ్చినా పులుపు చావదు కదా. భోజనాల దగ్గర నేను ఊరికే అన్నట్టు అన్నాను, మా తమ్ముడు దీన్ని గొప్పగా చెప్తున్నాడు, నాకు నమ్మకం లేదు, తిప్పి పంపేస్తానని.

ఆయన చెయ్యి తుడుచుకుని టెంకను తీసుకుని దాని తోక చక్రాన్ని నోటితో ఊది తిప్పాడు. అంతా విని, ఇది మా ట్రాక్టరు సంగతే అన్నాడు. తడి దుక్కిలో ట్రాక్టరు చక్రం తిరిగినంత దూరం బండి నడవదు, కొంత జారుతుంది. చక్రాన్ని చూసి బండి వేగం చెప్పేవాడు తప్పు చెబుతాడు. వీళ్లు చక్రానికి సున్నంతో గీత గీసి, పొలంలో రెండు గూటాలు పాతి, ఎన్ని చుట్లకు ఎంత దూరం వచ్చిందో కొలిచి ఆ జారుడు పట్టుకునేవాళ్లు. పడవకూ నీళ్లకూ మధ్య అలాంటి జారుడే ఉందన్నాడు.

"దాన్ని నమ్మాల్నంటే ముందుగాల మనం దాన్ని కొలవాలె," అన్నాడు. ఆదివారం పోదామని నేను అనలేదు. ఆయనే అన్నాడు. లోపల ఎగిరి గంతేస్తూనే, సరే మీ ఇష్టం అని గిన్నెలు ఎత్తుకుపోయాను.

ఆ ఆదివారం నీళ్లలో రెండు వెదురు గడలు పాతించాడు. వాటి మధ్య పడవను గాలికి ఎదురుగా ఒకసారి, గాలితో ఒకసారి, ఇంజను ఒకే తీరుగా పెట్టి నడపమన్నాడు. టెంకను పైపైన ఉంచి కొలిచాడు, నడిలోతుకు దించి కొలిచాడు, డ్యామ్ కట్టకముందు నది పారిన పాత పాయ ఉన్న చోట అడుగు దాకా దించి కొలిచాడు. నా ఫోన్ చెప్పిన పడవ వేగంతో పోల్చి చూశాడు. ఒడ్డు దగ్గర రెండూ ఒకటే. పాత పాయ మీద మాత్రం పైన ఒక అంకె, కింద ఇంకో అంకె. ఎగువన వానలు పడి కొత్త నీళ్లు అడుగునుంచి వస్తున్నాయి, పడవ ఎదురు పోయినప్పుడు కింద టెంకకు వేగం పెరుగుతోంది, మళ్లితే తగ్గుతోంది. వేడి సంగతి చూస్తే అంత తేడా లేదు. మన నీళ్లు లోతు తక్కువ, గాలి ఎప్పుడూ కలియబెడుతూనే ఉంటుంది. కొత్త నీళ్లు వచ్చే చోట కాస్త చల్లన, అంతే.

ఆయన ముఖం వెలిగిపోతోంది. మళ్లీ తిప్పు, మళ్లీ తిప్పు అని నన్ను ఎండలో మాడ్చాడు. నాకూ ఒళ్లు తెలియలేదు. పొద్దువాలే వేళకు ఒడ్డుకొస్తే పడవ పెద్దాయన సంచీ పట్టుకుని ఎదురొచ్చి, ఏం పడ్డయి సార్ అని అడిగాడు. మేమిద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. పొద్దంతా కొలిచాం కానీ గాలం వెయ్యలేదు. బొమ్మ చేప డబ్బా మూత కూడా తియ్యలేదు. ఆ పెద్దాయన మమ్మల్ని జాలిగా చూసి తన చేపల్లోంచి రెండు జెల్లలు ఇచ్చి పంపాడు.

దారి పొడుగునా నవ్వుతూనే ఉన్నాను. బండి ఇప్పుడు నేనే నడుపుతున్నాను, ఆయన వెనక కూర్చున్నాడు. ఊరు దగ్గరికి వచ్చాక అన్నాడు.

"అంకె కనవడ్తది. గని చేతికి తాకుతలేదు."

నా నవ్వు ఆగిపోయింది. ఇంట్లో దీపం వేసి చేపలు కడుగుతూ, ఇక రాడు, అయిపోయింది అనుకున్నాను. నాకు ఆ అంకెలు అక్కర్లేదు. ఎదురుగా కూర్చుని జర నిదానం అనే ఆ గొంతు కావాలి. దాన్ని ఏ ఊరి నుంచి ఏ బస్సులో తెప్పించుకోను.

అయితే ఆయన వచ్చాడు, పరీక్ష సగంలో వదిలే అలవాటు లేక. గాలం వేసి చూడలేదు కాబట్టి పరీక్ష పూర్తి కాలేదన్నాడు. ఈసారి తెర ఆయన ఒళ్లో, దారం పడవ అంచుకు కట్టి, ఇంజను దగ్గర నేను. ఆయన అంకెలు చదువుతుంటే నేను అటూ ఇటూ సర్దాను. వేగం చక్కగా కుదిరింది, కుదిరినట్టే ఎంతసేపైనా నడిచింది, ఒక్క చేప ముట్టలేదు. అనుమానం వచ్చి దారం లాగితే బొమ్మకు పిడికెడు నాచు చుట్టుకుని ఉంది. ఎప్పుడు చుట్టుకుందో ఏమో. వేలి మీద దారం ఉన్నవాడికి ఆ క్షణానే తెలుస్తుంది, వణుకు ఆగిపోతుంది. టెంకకు తెలియదు, దాని చక్రం దానికి తిరుగుతూనే ఉంటుంది.

అప్పుడు నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో చెప్పలేను. షుగరు మీద, తమ్ముడి మీద, నాచు మీద. లేచి పడవ ఊగుతుంటే నడుమ పలక దగ్గరికొచ్చి ఆయన్ని లెమ్మన్నాను. మీరు ఇంజను దగ్గర కూర్చోండి, తెర చూస్తూ నడపండి, దారం నేను పడతాను అన్నాను. ఇంజను పిడిని ఆయన గుప్పిటతో పట్టుకోగలడు, దానికి వేళ్ల కొనలతో పనిలేదు. ఇన్నేళ్లలో మేం ఒక్కసారి కూడా చోట్లు మారలేదు. ఎందుకు మారలేదో నాకే తెలియదు.

ఆయన నడిపాడు. నేను ఆయనకు ఎదురుగా కూర్చుని దారాన్ని వేలి మీద నుంచి వదిలాను. పెళ్లికి ముందు మా కాలవలో పట్టిన దారం మళ్లీ ఇప్పుడు. బొమ్మ కిందికి దిగి ఆడటం మొదలుపెట్టింది. వేలికి తగిలింది.

"ఎట్లుంది?" అన్నాడు.

వణుకుతోందన్నాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. వణుకుడు చాలా తీర్లుంటుందనీ ఏ తీరో చెప్పమనీ అడిగాడు. లెక్కల పంతులమ్మను, వేలి మీది వణుకును ఏమని చెప్పను. ఆయన పిడి సర్దుకుంటూ తనే చెప్పాడు.

"లేగకు వేలు చీకనిచ్చినవా ఎన్నడన్న? అది గుంజి ఇడిశి, గుంజి ఇడిశి చీకుతది సూడు. గట్లుండాలె. గట్లున్నదా?"

కాదు, ఇంకా కాస్త గరగరగా ఉంది అన్నాను. ఆయన వేగం కొంచెం తగ్గించాడు. ఇప్పుడో, అన్నాడు. ఇంకొంచెం అన్నాను. ఇంకొంచెం తగ్గించాడు. వేలి మీద లేగ మూతి తెలిసింది. వచ్చింది అని చెప్తే ఆయన తెర చూసి ఆ అంకెను పైకి చదివి, దాన్ని అక్కడే నిలబెట్టాడు. ఇన్నేళ్లు ఆయన ఆ పలక మీద కూర్చుని నాతో చెప్పింది నిదానం, ఎక్కియ్ అనే రెండు ముక్కలు. వాటి వెనక ఇదంతా ఆయన వేలి మీద ఉండేదని నాకు ఆ రోజు తెలిసింది. ఆయన పోగొట్టుకున్నది ఎంతో కూడా ఆ రోజే తెలిసింది. తల పక్కకు తిప్పుకుని నీళ్లను చూశాను.

తమ్ముడికి ఫోన్ చేసి చెప్పాను. లోతు నీళ్లున్నవాళ్లకు, అడుగున ప్రవాహం ఉన్నవాళ్లకు దీని వేగం అంకె పనికొస్తుంది, ఒకసారి కుదిరిన వేగాన్ని మళ్లీ పట్టుకోవచ్చు. మా చెరువుల్లాంటి నిలవ నీళ్లకు ఫోన్ చాలు. వేడి చూపడం సముద్రం మీద నీకు ఉపయోగమేమో, మాకు సరదా. బొమ్మకు నాచు పట్టిందో లేదో ఇది చెప్పదు, చేప పడుతుందని అసలే చెప్పదు. ఇంతా చెప్పి, ఉంచుకుంటున్నాను అన్నాను. ఇన్ని వంకలు పెట్టి ఉంచుకోవడమేమిటక్కా అన్నాడు. బావగారికి పనుంది దానితో అన్నాను.

పాత పాయ మీద ఒక పొద్దున, అప్పటికి మేం చోట్లు మార్చుకుని చాలా ఆదివారాలైంది, ఆయన అంకె చదువుతున్నాడు, నేను లేగ మూతి సంగతి చెబుతున్నాను. చెబుతుండగానే దారం వేలిని కోసుకుంటూ పరుగు తీసింది. వాలుగ. అడుగున ఉండి నోటికి దొరికింది మింగే పెద్ద చేప. రెండు చేతులతో బిగించాను. ఆయన ఇంజను ఆపేసి, గట్టిగ పట్టు, ఇడువకు అంటున్నాడు. నాకేమనిపించిందో, దారాన్ని పడవ అంచుకు రెండు చుట్లు వేసి ఆపి, నా చున్నీ తీసి ఆయన కుడిచేతికి గట్టిగా చుట్టాను. షుగరు చేతికి దారం కోసుకుంటే పుండు మానదు, కోసుకున్నట్టు ఆయనకు తెలియను కూడా తెలియదు. చుట్టి, దారం ఆ చేతికి ఇచ్చాను.

ఆయన వద్దన్నాడు. నాతోని కాదు, పోగొడ్త అన్నాడు. పోతే పోనివ్వండి అన్నాను.

చేప లాగింది. ఆయన కూర్చున్న చోటే ముందుకు వంగి, కాళ్లు తన్నిపెట్టుకుని వెనక్కి వాలాడు. చేప మళ్లీ లాగింది. ఆయన చెయ్యి మోచేతి దాకా, అక్కడి నుంచి పైదాకా ఒక్కసారిగా ముందుకు సాగింది. ఆయన నన్ను చూశాడు. ఆ ముఖాన్ని నేను చూసి చాలా కాలమైంది.

"వేళ్లకు తెలుస్తలేదు," అన్నాడు. "భుజానికి తెలుస్తున్నది."

చాలాసేపటికి అది అలిసిపోయి పడవ పక్కకు వచ్చింది. నీళ్లలో దాని తెల్లటి పక్క కనిపిస్తోంది. నేను చేతి వల దాని కిందికి పెట్టబోయాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. దారం ఇంకా ఆయన చేతిలో బిగిసే ఉంది, చేప మెల్లగా లాగుతూనే ఉంది.

"అప్పుడే ఎక్కియ్యకు," అన్నాడు. "జర సేపు ఉండనియ్."

చేతి వలను నీళ్లలో అలాగే ఉంచి కూర్చున్నాను.